దగ్గరి తొవ్వ, చుట్టు తొవ్వ

ఖమ్మం నుంచి కారేపల్లికి రైల్లో వెళ్ళాలంటే ముందు డోర్నకల్ వెళ్ళాలి. మ్యాపులో చూస్తే కారేపల్లి ఖమ్మం పక్కనే, చెయ్యి చాస్తే అందేటట్టు ఉంటుంది. రైలుకు ఆ సంగతి పట్టదు. పైకి డోర్నకల్ దాకా పోయి, అక్కడ మనల్ని దింపి, కొత్తగూడెం బండి ఎక్కించి, మళ్ళీ కిందికి తీసుకొచ్చి కారేపల్లిలో వదులుతుంది. ముక్కెక్కడుందంటే తలచుట్టూ తిప్పి చూపించడం అంటారే, అదన్నమాట. డెబ్భైల చివర్లో నేను ప్రతి శనివారం ఆ ముక్కును అలాగే పట్టుకునేదాన్ని.

నేను ఖమ్మంలో ఒక డిగ్రీ కాలేజీలో లెక్కల లెక్చరర్ని. బీఎస్సీ ఫైనలియర్ వాళ్ళకు మెట్రిక్ స్పేస్‌లు చెప్పేదాన్ని. పేరు వింటే భయం వేస్తుంది గానీ విషయం చిన్నదే. కొన్ని చోట్లుంటాయి. ఏ రెండు చోట్ల మధ్యనైనా దూరం ఎంతో చెప్పే పద్ధతి ఒకటి ఉంటుంది. ఆ పద్ధతి కొన్ని మాటలకు కట్టుబడాలి. దూరం సున్నా అంటే ఆ రెండూ ఒకే చోటై ఉండాలి. ఇక్కడి నుంచి అక్కడికి ఎంతో, అక్కడి నుంచి ఇక్కడికీ అంతే ఉండాలి. నడుమ ఇంకో చోటికి పోయి వెళ్తే దూరం తగ్గకూడదు. అంతకు మించి ఏమీ లేదు. స్కేలు పెట్టి కొలిచేదే దూరం కానక్కర్లేదు.

ఈ చివరి మాటే పిల్లలకు మింగుడుపడేది కాదు. అందుకని బోర్డు మీద రైలుపట్టాలు గీసేదాన్ని. మధిర, ఖమ్మం ఒక కొమ్మ మీద, కారేపల్లి, కొత్తగూడెం ఇంకో కొమ్మ మీద, నడుమ డోర్నకల్. "ఈ లోకంలో నడక లేదు, బస్సు లేదు, రైలొక్కటే ఉంది. ఇప్పుడు ఖమ్మానికీ కారేపల్లికీ దూరం చెప్పండి" అనేదాన్ని. అప్పుడు అర్థమయ్యేది.

కుసుమంచి నుంచి వచ్చే కుర్రాడొకడు లేచి, "మేడమ్, మా ఊరికి రైలే లేదు గద, మరి మేమెక్కడుండాలె?" అన్నాడు.

"మీరు ఈ స్పేస్‌లో లేరు, కూర్చోండి" అన్నాను.

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వి ఉండాల్సింది. ఆ రోజుల్లో నాకు నవ్వూ వచ్చేది కాదు, ఏడుపూ వచ్చేది కాదు.

నా భర్త చనిపోయాడు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసేవాడు. అడవి ఊళ్ళకు స్తంభాలు వేసే పని మీద తిరిగి తిరిగి జ్వరం తెచ్చుకున్నాడు. మా వైపు మలేరియా కొత్త కాదు. మాత్రలు మింగి మళ్ళీ పనిలోకి పోతారు. ఆయనకు అది మెదడుకెక్కింది. ఖమ్మం దవాఖానాలో చేర్చేసరికే మనిషిని పోల్చుకోలేకపోతున్నాడు. నన్ను చూసి "మీరెవరు?" అని అడిగాడు, చాలా మర్యాదగా. నాతో ఆయన ఆడిన ఆఖరి మాట అది.

మా అత్తగారి ఊరు కారేపల్లి దాటి అడవి వైపు బస్సులో పోతే వస్తుంది. ఊరంటే పెద్ద ఊరేం కాదు. కొన్ని ఇళ్ళు, వాటి వెనక కోయగూడెం, దాని వెనక అడవి. బస్సు రోడ్డు మీద దింపేస్తుంది. రోడ్డుకూ ఊరికీ నడుమ వాగు. నడిచిపోవడానికి రెండు దారులు. దగ్గరి తొవ్వ ఊరి చివర జొన్నచేలల్లోంచి దిగి, తిన్నగా వాగు దాటి రోడ్డెక్కుతుంది. చుట్టు తొవ్వ గుట్టను తిరిగి, వాగు ఎగువన బండరాళ్ళు తేలిన చోట దాటి, రోడ్డు మీద ఎక్కడో పైన తేలుతుంది.

మా అత్తమ్మ దూరాన్ని చుట్టలతో కొలిచేది. దగ్గరి తొవ్వ ఒక చుట్ట. ఇంటి దగ్గర ముట్టించి బయల్దేరితే అది అయిపోయేసరికి రోడ్డు వస్తుంది. రోడ్డు మీద ముట్టించి వస్తే ఇల్లొస్తుంది. చుట్టు తొవ్వకు మూడు పట్టేవి. నా పుస్తకంలోని నియమాలకు ఈ కొలత నిలుస్తుందో లేదో నేనెప్పుడూ చూడలేదు. గాలి వీచే రోజు చుట్ట జల్దీ కాలిపోతుందని, అది లెక్కలోకి రాదని ఆమె మాత్రం అనేది.

వాగు ఒడ్డునే వల్లకాడు. అందుకని ఆయన్ని దగ్గరి తొవ్వనే తీసుకెళ్ళారు. సగం దారిలో తుమ్మచెట్టు దగ్గర పాడె దించారు. దింపుడు కళ్ళం. అక్కడ చనిపోయినవాళ్ళ చెవిలో అయినవాళ్ళు మూడుసార్లు పిలవాలి, ప్రాణం ఏ మూలనైనా మిగిలుంటే వింటుందని. అత్తమ్మ వంగి "లే బిడ్డా, బిడ్డా" అని పిలిచింది. మూడుసార్లతో ఆగలేదు. మగవాళ్ళు రెక్క పట్టి లేపేదాకా పిలుస్తూనే ఉంది. తర్వాత నన్ను పిలవమన్నారు. నేను వంగాను. పిలవలేకపోయాను. బాధ కూడా అనిపించలేదు. తుమ్మముల్లు ఒకటి అరికాల్లో దిగింది, అదొక్కటే తెలిసింది.

పీనుగు వెంట వెళ్ళినవాళ్ళు వెళ్ళిన దారిన ఇంటికి రాకూడదంటారు. వాగులో మునిగి, వెనక్కి తిరిగి చూడకుండా వేరే దారిన రావాలి. లేకపోతే పోయినవాళ్ళు వెంటబడి వస్తారట. మేమంతా తడిబట్టలతో చుట్టు తొవ్వన ఇంటికొచ్చాం. ఆ ఆచారం ఆ ఒక్క రోజుకే. మర్నాటి నుంచి ఊరు ఊరంతా మామూలుగా దగ్గరి తొవ్వనే రోడ్డుకు పోయింది. అత్తమ్మ పోలేదు. ఆ తర్వాత ఆ తొవ్వ మీద ఆమె కాలే పెట్టలేదు. సంతకు పోవాలన్నా, దవాఖానాకు పోవాలన్నా, తను కుట్టిన విస్తరాకుల కట్టలు బస్సెక్కించాలన్నా గుట్ట చుట్టూ తిరిగే పోయేది. ఊళ్ళోవాళ్ళు మంచోళ్ళు. ఆమె ఎదురుగా ఎవరూ దగ్గరి తొవ్వ పట్టేవారు కాదు. ఆమె కంటబడితే తామూ గుట్ట వైపు తిరిగి నాలుగడుగులు వేసి, ఆమె కనుమరుగయ్యాక వెనక్కి వచ్చి తమ దారిన పోయేవాళ్ళు.

మాకు ఒక్కతే పాప. తండ్రి పోయేనాటికి ఇంకా బడి ఈడు రాలేదు. పెద్దలు కూర్చుని, "సంవత్సరీకం దాంక పిల్ల నాయినమ్మ కాడుంటది" అని తేల్చారు. ఖమ్మంలో నేనున్నది ఒంటి గది కిరాయి. నేను కాలేజీకి పోతే పిల్లను చూసే దిక్కు లేదు. కొడుకు పోయిన ఇంట్లో ఆమెకూ ఒక ప్రాణం తోడుండాలి. మాట సబబే. నేను సరే అన్నాను. అప్పట్లో ఎవరేమన్నా సరే అనేదాన్ని.

సంవత్సరీకం అయింది. భద్రాచలం వెళ్ళి గోదావరి ఒడ్డున జరపాల్సినవన్నీ జరిపించాం. కొత్తగూడెంలో రైలు ఆగే స్టేషన్‌కు భద్రాచలం రోడ్ అని పేరు. దిగితే భద్రాచలం ఉండదు, రోడ్డే ఉంటుంది. అక్కడి నుంచి మళ్ళీ బస్సు. పాప బస్సులో నాయినమ్మ ఒళ్ళో పడుకుని వచ్చింది. తిరిగొచ్చాక పిల్ల మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అడిగితే ఇవ్వనంటుందేమోనని ఒక భయం. తీసుకుపో అంటే ఈ రాయిలాంటి మనిషి పిల్లనెలా పెంచుతుందన్నది ఇంకో భయం. ఎవరితో చెప్పుకోను, కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది.

పిల్లలు చుట్టాలను ఊళ్ళ పేర్లతో గుర్తుపెట్టుకుంటారు. మా పాపకు మధిర అత్త ఉంది, కుసుమంచి తాత ఉన్నాడు. చూస్తుండగానే నేను ఖమ్మం అమ్మనయ్యాను. శనివారం నేను వాకిట్లో అడుగు పెట్టగానే "ఖమ్మం అమ్మ వచ్చింది" అని అరుస్తూ పరిగెత్తేది, నా వైపు కాదు, లోపల నాయినమ్మ వైపు. ఈ పిల్ల మళ్ళీ నాదవుతుందా, కాదా అన్న ప్రశ్న ఒక్కటే అప్పటికి నా బతుకులో మిగిలింది. అది కూడా నాకు దూరంగానే వినబడేది, పక్క క్లాసులో ఎవరో పాఠం చెబుతున్నట్టు.

రైల్లో చదువుకునేదాన్ని. కథల పుస్తకాలు చదవలేకపోయాను. వాటిలో ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు చచ్చిపోతారు. వరంగల్లో ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఒక సార్ హైపర్బోలిక్ జ్యామితి అని ఒకటి చెప్పారు. అప్పుడు పరీక్ష కోసం బట్టీ పట్టి వదిలేశాను. ఇప్పుడు లైబ్రరీ నుంచి ఆ పుస్తకం తెచ్చి మళ్ళీ మొదలుపెట్టాను. అందులో ఎవరూ చావరు.

ఒక గుండ్రటి పళ్ళెం అనుకోండి. ఆ పళ్ళెమే లోకం. నడుమ ఉన్నప్పుడు అడుగు మామూలు అడుగే. అంచు వైపు పోయినకొద్దీ అడుగు చిన్నదైపోతుంది. నడిచేవాళ్ళూ చిన్నవాళ్ళైపోతారు కాబట్టి వాళ్ళకు ఆ సంగతి తెలియదు. ఎంత నడిచినా అంచు రాదు. ఆ అంచు దగ్గర ఇద్దరు మనుషులు పక్కపక్కన ఉన్నట్టే కనిపిస్తారు. ఒకరు ఇంకొకరి దగ్గరికి అంచు వెంబడి పోదామనుకుంటే ఆ నడక తెమలదు. నడుమ వైపుకు వెనక్కి వంగి, అక్కడి నుంచి మళ్ళీ అంచుకు రావాలి. అన్నిటికంటే దగ్గరి దారి అదే. పైనుంచి చూసేవాళ్ళకు వంకర, నడిచేవాళ్ళకు తిన్నన. డోర్నకల్ ప్లాట్‌ఫాం మీద టీ తాగుతూ ఆ పేజీ చదివి, ఇది రాసినాయన ఎవరో మా లైను ఎక్కిపోయినట్టున్నాడు అనుకున్నాను.

ఆ పుస్తకంలోనే ఇంకో సంగతి ఉంది. ఇద్దరు ఒకే చోటి నుంచి, కొంచెం తేడాతో రెండు తిన్నటి దారులు పట్టారనుకోండి. మన లోకంలో అయితే నడక రెట్టింపైతే వాళ్ళ నడుమ ఎడమూ రెట్టింపవుతుంది, అంతే. అక్కడ అలా కాదు. ఎడం రెట్లకు రెట్లుగా పెరిగిపోతుంది. చెయ్యి పట్టుకునేంత దగ్గర్లో మొదలైనవాళ్ళు కాసేపటికే ఒకరికొకరు కనబడరు. ఇద్దరిలో ఎవరూ పక్కకు తిరగలేదు, ఎవరి దారిన వాళ్ళు తిన్నగానే పోయారు. ఇది చదివాక మాత్రం పుస్తకం మూసి సంచిలో పెట్టేశాను.

ఒక ఆదివారం పొద్దున అత్తమ్మ వసారాలో కూర్చుని విస్తరాకులు కుడుతోంది. మోదుగాకులు. నడుమ ఒకటి పెట్టి, చుట్టూ వరసగా ఆకులు పేర్చి, సన్నటి పుల్లలతో గుచ్చుకుంటూ పోవాలి. పక్కన పాప కూడా కుడుతోంది. కుట్టడం కొత్తగా పట్టుబడిన సంబరం. ఒక ఆకు పట్టే చోట రెండు ఇరికించి, వరస వరసకూ ఇంకా ఎక్కువ ఇరికించి గుచ్చింది. ఆకులు తక్కువైతే విస్తరి దొప్పలాగా ముడుచుకుంటుంది. ఎక్కువైతే ఏమవుతుందో నేను అప్పటిదాకా చూడలేదు. అంచు లంగా కుచ్చిళ్ళలాగా వంకర్లు తిరిగి లేచింది. నేల మీద పెట్టి ఒక పక్క అదిమితే ఇంకో పక్క లేస్తోంది.

"గిదేం విస్తరే?" అంది అత్తమ్మ. "గిండ్ల చారు పోస్తే ఊరంత పారుతది. పారెయ్ గటు."

పాప మొహం చిన్నబోయింది. నేను లేచి ఆ విస్తరి తీసుకున్నాను. వరంగల్లో మా సార్ బోర్డు మీద గీయలేక చేతులెత్తేసింది ఇదే. పళ్ళెం బొమ్మలో అంచు దగ్గర ఇరుకుగా కనిపించే చోటంతా నిజంగా పరిస్తే ఇలా కుచ్చిళ్ళు పోయి లేస్తుంది. పాపను పిలిచి కుట్టుదారం తెమ్మన్నాను.

"ఒక చీమ ఈ ఆకు కాడ నుంచి ఆ ఆకు కాడికి పోవాలె. ఎటు పోతే దగ్గర?" అని అడిగాను.

పాప అంచు వెంబడి వేలు రాస్తూ వంకరలన్నీ ఎక్కి దిగి చూపించింది. "గిట్ల."

ఆ వంకరల మీదుగా దారం పరిచి చూపించాను. తర్వాత రెండు కొసలూ అక్కడే పట్టి, మెల్లగా గుంజాను. దారం అంచు వదిలి లోపలికి జరిగి, నడిమాకు దగ్గరగా వచ్చి బిగుసుకుంది. చేతిలో బోలెడు దారం మిగిలింది.

"దారం లోపటికి పోయింది" అంది పాప. "అంచుకు ఉంటలేదు."

"అవ్. అంచున నువ్వు ఆకులెక్కువ పెట్టినవ్ గద. గటు పోతే అవన్నీ నడవాలె."

నమ్మకం కుదరక దారం తను తీసుకుంది. ఇంకో రెండు ఆకులు పట్టి గుంజింది. మళ్ళీ లోపలికే పోయింది. నా ఒళ్ళోకి జరిగి కూర్చుని, నా మోకాలి మీద విస్తరి పెట్టుకుని మళ్ళీ మళ్ళీ గుంజింది. నాకు సంతోషం వేసిందని చెప్పలేను. దాని తలనూనె వాసన తెలిసింది. చాలా కాలం తర్వాత నాకు తెలిసిన వాసన అదే.

దారం గుంజుతూ గుంజుతూ పాప తలెత్తి, "నాయినమ్మా, మనం రోడ్డుకు గుట్ట చుట్టు ఎందుకు పోతున్నం? లోపటి నుంచి తొవ్వ ఉన్నది గద?" అంది.

అత్తమ్మ చేతిలో పుల్ల ఆగిపోయింది. "అది నాయిన పోయిన తొవ్వ. గా తొవ్వల పోయినోళ్ళు మళ్ళ రారు" అంది. గొంతు కరుకుగా ఉంది.

ఆ విస్తరిని నేను ఖమ్మం తీసుకెళ్ళి క్లాసులో చూపించాను. ఎండి పొడిపొడి అయ్యాక దర్జీకి చెప్పి గుడ్డతో అలాంటిదే ఒకటి కుట్టించుకున్నాను. తొంభైల్లో కూడా ఆ పాఠం వచ్చినప్పుడు అదే పట్టుకెళ్ళేదాన్ని. టేబులు మీద ఎలా పెట్టినా కుదురుగా ఉండేది కాదు. మడత పెట్టి బీరువాలో పెడితే తలుపు మూసుకునేది కాదు.

పాపకు బడి ఈడొచ్చింది. ఆ ఎండాకాలం నేను ఒంటి గది వదిలి, రెండు గదుల వాటా ఒకటి మాట్లాడుకున్నాను. ఇంటామె పిల్లల తల్లి. సాయంత్రం నేనొచ్చేదాకా చూస్తానంది. దగ్గర్లోని బడిలో చేర్చుకుంటామన్నారు. ఇవన్నీ నేనే చేశాను గానీ ఎవరి పనో చేసిపెడుతున్నట్టు చేశాను. బడి తెరిచే ముందు ఆదివారం అత్తగారింట్లో అన్నం తిన్నాక, చెయ్యి కడుక్కుని వచ్చి మాట ఎత్తాను.

"అత్తమ్మా, పిల్లను ఖమ్మంల బడికి ఏద్దామనుకుంటున్న."

ఆమె చుట్ట తీసి, మళ్ళీ చెవి మీద పెట్టుకుంది. తర్వాత, "నన్నేమడుగుతవ్? పిల్లనడుగు" అంది.

పాప ఇద్దరి నడుమ గుంజకు ఆనుకుని నిలబడి ఉంది. నా వైపు చూడలేదు. నాయినమ్మ వైపు చూసి, "నేను రాను" అంది.

"సరే" అన్నాను.

అలవాటైన మాట కాబట్టి సులువుగానే వచ్చింది. బతిమాలాల్సింది, బొమ్మలో మిఠాయిలో ఆశ చూపించాల్సింది అని తర్వాత చాలామంది అన్నారు. ఆ వేళ నాకేమీ తోచలేదు. లోపల ఏదో పడిపోయినట్టు కూడా అనిపించలేదు. అప్పటికే అన్నీ పడిపోయి ఉన్నాయి. సంచి తీసుకున్నాను. ప్రతి ఆదివారం వాళ్ళిద్దరూ చుట్టు తొవ్వన రోడ్డు దాకా వచ్చి నన్ను బస్సెక్కించేవాళ్ళు. ఆ రోజు అత్తమ్మ లేవబోతే, "మీరు కూసోండి, ఎండగున్నది, నేను పోత" అన్నాను.

ఊరి చివర రెండు దారులు చీలే చోట నా కాళ్ళు దగ్గరి తొవ్వ పట్టాయి. అది ధిక్కారం కాదు, ధైర్యమూ కాదు. బస్సు వేళయింది. ఆమె వెంట లేదు. ఇన్నాళ్ళూ ఆమె కోసమే గుట్ట చుట్టూ తిరిగానని అప్పుడే తట్టింది. ఇక ఎవరి కోసం తిరగాలి అనుకున్నాను. చేలు దున్ని వదిలేసి ఉన్నాయి. వానలింకా మొదలవలేదు. ఇంటి వసారాలో కూర్చుంటే ఆ తొవ్వ మీద పోయేవాళ్ళు తుమ్మచెట్టు దాకా కనిపిస్తారు. ఆ వేళ అది నాకు గుర్తు రాలేదు.

తుమ్మచెట్టు దగ్గరికి వచ్చాను. చెట్టు కొంచెం పెద్దదైంది. పాడె దించిన చోట మామూలు మట్టే ఉంది, మేకల అడుగులున్నాయి. ఇక్కడేమన్నా అనిపిస్తుందేమోనని ఆగాను. ఏమీ అనిపించలేదు. ఇక ఎప్పటికీ ఇంతేనేమో, ఈ మనిషి ఇలాగే పెన్షన్ దాకా నడుస్తుందేమో అనుకున్నాను. అది తలుచుకుంటే భయం మాత్రం వేసింది.

అప్పుడు వెనక నుంచి, "బిడ్డా" అని వినబడింది. 

పొలానికి అడ్డంబడి అత్తమ్మ వస్తోంది. "బిడ్డా, ఆగు బిడ్డా" అని పిలుస్తూ వస్తోంది. కాళ్ళకు చెప్పుల్లేవు. ఒక చేత్తో పాప రెక్క పట్టుకుని, ఆ పిల్లను నడిపిస్తోందో ఈడుస్తోందో తెలియకుండా వస్తోంది. ఆమె నన్ను ఎప్పుడూ "ఏమే" అనే పిలిచేది. బిడ్డా అన్న పిలుపు అంతకుముందు నేను ఈ చెట్టు కిందే విన్నాను, అప్పుడు పిలిచింది నన్ను కాదు. వెనక్కి తిరిగాను.

పాప చెయ్యి విడిపించుకుని వచ్చి నా కాళ్ళను చుట్టేసింది. ఏడ్చి ఏడ్చి వెక్కిళ్ళు పెడుతోంది. అత్తమ్మ రొప్పుతూ వచ్చి పక్కన నిలబడింది.

"నువ్వు గీ తొవ్వల పోంగ చూసింది. ఖమ్మం అమ్మ నాయిన తొవ్వల పోయింది, ఇగ మళ్ళ రాదు అని ఒకటే ఏడుపు. వస్తదే అంటె ఇంటలేదు. చుట్టు తిరిగొస్తె నువ్వు దొరకవ్, బస్సెక్కుతవ్." ఆగి కొంగుతో మొహం తుడుచుకుంది. "ఏం జెయ్యాలె మరి? వచ్చిన."

అప్పుడు ఎక్కడ నిలబడి ఉందో చూసుకుంది. నేల వైపు చూసి, "గీడనే గదా దింపినం" అంది. మెల్లగా కిందికి కూర్చుంది. ఆ మట్టి మీద అరచెయ్యి పెట్టి, కాసేపు అలాగే ఉంచింది. నేనూ కూర్చున్నాను. పాప మా ఇద్దరి నడుమ ఇరుక్కుని వెక్కుతోంది.

"తీస్కపో" అంది అత్తమ్మ.

"అది రానన్నది గద అత్తమ్మా."

"నేనొక్కదాన్ని అయితనని రానన్నది. గింత పోరికి గంత తెలివి." పాప జుట్టు సర్దింది. "నువ్వు రావంటె దానికెట్లున్నదో ఇప్పుడు చూస్తివి గద. తీస్కపో బిడ్డా. బట్టలు వచ్చే వారం తీస్కపోదువు తియ్."

ఆమె లేచి ముందు నడిచింది. వల్లకాడు పక్కనుంచే, అటు చూడకుండా, ఎండిన వాగు దాటి మమ్మల్ని రోడ్డెక్కించింది. బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. పాపను ఎత్తి నాకందించి, "బడికి పోతె కొట్లాడకు" అని దానికి చెప్పింది.

వెనక సీట్లో చోటు దొరికింది. పాప సీటు మీద మోకాళ్ళేసి, వెనక అద్దంలోంచి చూస్తోంది. అత్తమ్మ రోడ్డు పక్కన నిలబడి ఉంది. దగ్గరి తొవ్వ ఆమె ఎదురుగానే, వాగులోకి దిగుతూ కనబడుతోంది. ఎలాగూ ఇప్పుడు దాని మీదే వచ్చింది, ఇక దానికి అడ్డేముంది అనుకున్నాను. ఆమె దాని మొదట్లో కాసేపు నిలబడింది. తర్వాత దాన్ని వదిలేసి, రోడ్డు వెంబడి పైకి, చుట్టు తొవ్వ వైపు నడవసాగింది. ఎండకు రోడ్డు కాలుతూ ఉంటుంది, కాళ్ళకు చెప్పుల్లేవు.

"అమ్మా, నాయినమ్మ గటు పోతున్నదేంది?" అంది పాప. "దగ్గరి తొవ్వ గీడనే ఉండె గద."

సాగనంపి వచ్చేవాళ్ళు వెళ్ళిన దారిన మళ్ళరు. ఆ తొవ్వ మీద మొదటిసారి కొడుకును సాగనంపింది, ఇప్పుడు పిల్లను. ఆ మాట పాపకు ఎలా చెప్పాలో తెలియలేదు. చెబుదామని నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. ఆయన పోయినప్పుడు రానిది, గోదావరి ఒడ్డున రానిది, ఇన్నాళ్ళూ రానిది ఆ బస్సులో, అందరి ముందు, ఆపుకోలేకుండా వచ్చింది. కండక్టరు దగ్గరికి వచ్చి, మా ఇద్దర్నీ చూసి, టికెట్ తర్వాత ఇస్తానని ముందుకు పోయాడు. పాప కొంగు పట్టుకుని నా మొహం తుడవబోయింది. నేను అద్దంలోంచే చూస్తున్నాను. ఆమె ఇంకా నడుస్తూనే ఉంది. చుట్ట ముట్టించినట్టు లేదు, పొగ కనబడలేదు.